రేకు లారీకి అత్తమ్మ సెల్లులు

మొన్న ఆదివారం మా మనవడి రిమోట్ లారీ మొరాయించింది. ముందుకు పోతుంది, వెనక్కి వస్తుంది, పక్కకు తిరగమంటే మాత్రం ముందు చక్రాలు ఒకసారి వణికి ఊరుకుంటున్నాయి. చక్రాలు తిప్పే ఆ చిన్న మోటారు పెట్టెను సర్వో అంటారట. వాడు ఫోన్‌లో వెతికి, చవకది, అన్నిటికన్నా వేగంగా తిరుగుతుందని రాసి ఉన్నది ఎంచుకుని నాకు చూపించాడు. "వేగం ఎందుకురా, బలం ఎంతుందో చూడు. చవకది తెచ్చుకో, తప్పు లేదు. కానీ దానికి వేరే బ్యాటరీ పెట్టు, బండి నడిపే బ్యాటరీ మీద దాన్ని బతకనియ్యకు" అన్నాను. వాడు నన్ను ఎగాదిగా చూశాడు. నాకు పచ్చళ్లు తప్ప ఇంకేమీ తెలియవని వాడి నమ్మకం. వాళ్ల తాత ఉద్యోగం ఒకప్పుడు సరిగ్గా ఈ ముక్క మీదే నిలబడిందని వాడికేం తెలుసు.

డెబ్బైల మొదట్లో మేము మెదక్‌లో కిరాయి ఇంట్లో ఉండేవాళ్లం. మా ఆయన హైస్కూల్లో సైన్సు సారు, అదీ టెంపరరీ. ఏటా వేసవి సెలవులు వస్తున్నాయంటే మళ్లీ పిలుస్తారో లేదోనని మా ఇంట్లో ఎవరికీ అన్నం సయించేది కాదు. ఆ ఏడు పెద్దసారు ఆయన్ని పిలిచి, సైన్సు ప్రదర్శన ఉంది, ఇన్‌స్పెక్టరు వస్తున్నారు, ఏదైనా గట్టిది చేసి చూపిస్తే పర్మనెంటు సంగతి ఆయన ముందు కదిలిస్తానన్నాడట. మా ఆయన ఇంటికొచ్చి కంచం ముందు కూర్చుని, "లారీ చేస్త" అన్నారు. బోర్డు మీద బొమ్మ గీస్తే ముచ్చటేసేది గానీ, మేకు కొట్టమంటే ఆయన సుత్తి మేకుకు తప్ప అన్నిటికీ తగిలేది. నేనేమో రేగోడులో మా నాయన పంపుసెట్ల దగ్గర పెరిగినదాన్ని. నట్టూ బోల్టూ కనబడితే ప్రాణం లేచొచ్చేది. అయినా కొత్త కోడలిని కదా, కొంగు అడ్డం పెట్టుకుని నవ్వి ఊరుకున్నాను.

నూనె డబ్బా రేకుతో లారీ అయితే తయారైంది. వెనక చక్రాలు నడపడానికి ఒక మోటారు, ముందు చక్రాలు తిప్పడానికి ఇంకొకటి. చేతిలో పట్టుకునే చెక్కపెట్టెలో టార్చి సెల్లులు, దాని మీద స్విచ్చులు, పెట్టెకూ లారీకీ మధ్య నాలుగు బారల తీగ. స్టీరింగు కోసం ఆయన హైదరాబాదు పోయి, బొమ్మల దుకాణంలో ఉన్నవాటిలో చవకైన మోటారు తెచ్చారు. అది తేనెటీగలాగ రొద పెట్టేది తప్ప చక్రాన్ని గోరంత కూడా కదిలించేది కాదు. దాన్ని కొంగున కట్టుకుని నేను బజారులో గడియారాలు బాగుచేసే చాచా దగ్గరికి పోయాను. ఆయన కంటికున్న భూతద్దం తియ్యకుండానే వేలితో తిప్పి చూసి, "తేజీ ఉన్నది బేటీ, జోర్ లేదు. జోర్ కావాల్నంటే తేజీ తగ్గియ్యాలె" అన్నాడు. వేగం తగ్గితేనే బలం వస్తుందని ఆయన మాట. పాడైపోయిన అలారం గడియారం ఒకటి విప్పి, లోపలి పళ్ల చక్రాలు నా చేతిలో పెట్టాడు. ఇంటికొచ్చి వాటిని మధ్యలో బిగించేసరికి అదే మోటారు నిదానంగా, కాడి కట్టిన ఎద్దులాగ, ముందు చక్రాలను తిప్పింది. మా ఆయన ఆ రోజు నన్ను చూసిన చూపు ఇంకా గుర్తుంది.

ఆ సంతోషం ఒక్క నిమిషమే. స్టీరింగు స్విచ్చు నొక్కగానే బండి నిలిచిపోయేది, వదిలితే మళ్లీ నడిచేది. ఆయన తీగలన్నీ పీకి మళ్లీ కట్టారు. అయినా అంతే. నాకు మా నాయన బావి గుర్తొచ్చింది. అక్కడ మోటారు వెయ్యగానే కొట్టంలో బల్బు గుడ్డిదయ్యేది.

"రెండిటికీ అవే సెల్లులు గదా. అది గుంజుకుంటుంటే దీనికి చాల్తలేదు. స్టీరింగుకు వేరే పెట్టుండ్రి" అన్నాను.

వేరేవి ఎక్కడివి? ఇంట్లో కొత్త సెల్లులన్నవి అత్తమ్మ రేడియోలోనే ఉన్నాయి. అత్తమ్మకు ఆ రేడియో ఆరో ప్రాణం. ఇంట్లో పెడితే మేము ముట్టుకుంటామని గుడ్డసంచీలో వేసుకుని పేరంటాలకు కూడా తీసుకుపోయేది. అయిపోయిన సెల్లులను పారెయ్యనిచ్చేది కాదు, గోడ మీద వడియాల పక్కన ఎండబెట్టేది. ఆ రోజుల్లో చాలా ఇళ్లలో అదే పద్ధతి. ఎండిన సెల్లు టార్చిలో కాసేపు వెలిగేది కూడా. మా ఆయన అడగ్గానే, "నీ లారీ కోసం నా రేడియో నోరు మూయిస్తవా?" అని గయ్యిమంది. మళ్లీ ప్రదర్శన రోజు పొద్దెక్కాక, మేము బయల్దేరుతుంటే, తనే రెండు సెల్లులు తెచ్చి ఇచ్చింది. అవి వెచ్చగా ఉన్నాయి. అప్పుడే నాకు అనుమానం రావలసింది, తొందరలో రాలేదు.

స్కూల్లో బల్లలు కలిపి వాటి మీద లారీ పెట్టారు. ఆ చివర ఇన్‌స్పెక్టరు గారు, ఆయన ముందు చాయ్ కప్పు, పక్కన పెద్దసారు. నేనూ అత్తమ్మా ఆడవాళ్లతో గోడ వారన నిలబడ్డాం. లారీ కదిలి మొదటి మలుపు చక్కగా తిరిగింది, అందరూ చప్పట్లు కొట్టారు. రెండో మలుపు దగ్గర చక్రాలు సగం తిరిగి బిగుసుకున్నాయి. బండి మాత్రం ఆగకుండా వంకరగా పోయి చాయ్ కప్పును గుద్దింది. ఇన్‌స్పెక్టరు గారి తెల్ల చొక్కా చాయ్ రంగుకు వచ్చింది. మా ఆయన చెవులు ఎర్రబడ్డాయి, స్విచ్చు నొక్కుతూనే ఉన్నారు. ఇక సెలవులు రాగానే మూటాముల్లె సర్దుకోవడమేననుకున్నాను. అత్తమ్మ వైపు చూస్తే, ఆమె నేల చూపులు చూస్తోంది.

"అత్తమ్మా, అవి ఎండబెట్టినవా?"

"ఎండబెడితే కొత్తగైతయనుకున్న బిడ్డా. పొద్దుగాల టార్చిల మస్తు వెలిగినయి" అంది. అంతలోనే సంచీలోంచి రేడియో తీసి, వెనక మూత ఊడబెరికి, రెండు సెల్లులు నా అరచేతిలో పెట్టి, "ఉరుకు" అంది.

కొత్త కోడలినన్న సంగతి మరిచిపోయి అంతమంది మగవాళ్ల మధ్యకు ఉరికి నా చేత్తోనే సెల్లులు మార్చాను. మా ఆయన పక్కకు జరిగారు. ఈసారి లారీ కుడికి తిరిగింది, ఎడమకు తిరిగింది, చాయ్ మడుగును తప్పించుకుని మా దగ్గరికొచ్చి ఆగింది. ఇన్‌స్పెక్టరు గారు చొక్కా తుడుచుకుంటూ ఇందాక ఏమైందని అడిగారు. మా ఆయన కొంచెం తడబడి నిజమే చెప్పారు. "సెల్లులల్ల దమ్ము లేకుండె సార్. స్టీరింగుకు వేరే సెల్లులు పెట్టుమన్నది, గిప్పుడు మార్చింది మా ఇంటామెనే." ఇన్‌స్పెక్టరు గారు పెద్దసారు వైపు తిరిగి, "అయితే ఇప్పుడు పర్మనెంటు ఎవరిని చెయ్యాలె?" అన్నారు. పెద్దసారు నవ్వడం నేను చూడటం అదే మొదటిసారి. గుండెల మీది బండ దిగిపోయి, ఇంటికొచ్చేదాకా నాకు ఊరికే నవ్వొస్తూనే ఉంది. సెలవులకు ముందే కాగితం కూడా వచ్చింది.

ఆ సాయంత్రం మాత్రం మా రేడియో పలకలేదు. సెల్లులు తీసిస్తానంటే అత్తమ్మ వద్దంది. "ఉండనియ్యి. ఒక్కనాడు ఇనకపోతే చెవులకేం తుప్పు వట్టది" అని అరుగు మీద కాళ్లు చాపుకుని కూర్చుంది. మర్నాడు పొద్దున చూస్తే, ఆ పాత సెల్లులు రెండూ మళ్లీ గోడ మీద ఎండుతున్నాయి.

మనవడు నిన్న కొత్త సర్వో బిగించి, దానికి వేరే బ్యాటరీ పెట్టి, లారీని వరండాలో వదిలాడు. అది మలుపు తిరిగి నా కాళ్ల దగ్గరికొచ్చి ఆగేదాకా నేను ఊపిరి బిగబట్టే ఉన్నాను. అప్పుడు చూసుకుంటే, నా కుడిచెయ్యి ఎవరో ఏదో ఇవ్వబోతున్నట్టు చాచి ఉంది. యాభై ఏళ్లు గడిచిపోయాయని లోకమంతా అంటోంది గానీ, ఆ అరచేతికి ఆ సంగతి ఎవరూ చెప్పినట్టు లేదు.