గేటు కాడ మా స్టేజీ

మా బ్యాండు వార్తలు ఫోన్ స్టేటస్‌లో పెట్టే పని నాది. చూసేవాళ్ళు ఎక్కువమంది లేరు. వాళ్ళలో మా అమ్మ ఒకరు, మిగతావాళ్ళు మా అమ్మ చెబితే చూసేవాళ్ళు. "వచ్చే ఆదివారం ఆత్మకూర్‌లో ప్రోగ్రాం" అని రాశాక, నాకు నచ్చిన కళాకారుల గురించి కింద నాలుగు ముక్కలు రాస్తాను. పెద్ద హీరోల జోలికి పోను. వాళ్ళకు ఫ్లెక్సీలు కట్టేవాళ్ళు ఉన్నారు.

ఉద్యమం రోజుల్లో మా కొల్లాపూర్‌కు వచ్చి, మైకు పాడైనా పాట ఆపని ఒక అక్క గురించి రాశాను. సినిమా పాటల్లో డప్పు వాయించేవాళ్ళ గురించి రాశాను. వాళ్ళ పేర్లు తెర మీదికి వచ్చేసరికి జనం బండ్ల దగ్గరికి చేరుకుంటారు. ఒకసారి ఆ పేర్లు చదువుదామని నేను కూర్చుంటే, హాలు ఊడ్చే మనిషి నా కాళ్ళ కింద కూడా ఊడ్చి పోయాడు. ఏ సినిమాలో చూసినా వాచ్‌మనే అయిన ఒక ముసలి నటుడి గురించి కూడా రాశాను. హీరో కారు వస్తే గేటు తీస్తాడు, పోయాక వేస్తాడు. వేసే ముందు ఆ కారు వైపు ఒక చూపు చూస్తాడు. ఆ చూపు కోసమే నేను రెండోసారి టికెట్టు కొన్నాను.

అది చదివి మా బావ, "గా ముసలాయనను గూడ గేటు దాటనియ్యలేదా?" అన్నాడు.

బావ అంటే మా మేనత్త కొడుకు. మా బ్యాండులో డప్పు ఆయనది, కీబోర్డు నాది. చర్చిలో గిటారు నేర్చుకున్న నా దోస్తు, పాడటానికి వాడి చెల్లెలు. ఇదీ మా బ్యాండు మొత్తం. బావ వాళ్ళ నాన్న, మా మామ, కూడా డప్పు కళాకారుడే. ఎన్ని పెళ్ళిళ్ళకు కొట్టినా పందిరి లోపల ఎలా ఉంటుందో ఆయన చూడలేదు. అందుకే బావ మాతో కలిసేటప్పుడు ఒకే షరతు పెట్టాడు: "గేటు కాడ నిలవడి కొట్ట. మా నాయిన కొట్టిండు, మా ఇంటికి గది సాలు." అందరం ఒకే వరుసలో నిలబడతామని నేను మాటిచ్చాను.

ఆత్మకూర్ ప్రోగ్రాం ఒక ఫంక్షన్ హాల్లో పెళ్ళి రిసెప్షన్. మేం సామాను దించుతుంటే హాలు మేనేజరు వచ్చాడు.

"తమ్మీ, ఆర్కెస్ట్రా స్టేజీ మీదికి పోండ్రి. డప్పాయన గేటు కాడ ఉంటడు. చుట్టాలు వచ్చేటప్పుడు కళగ ఉంటది."

"అన్నా, గాయన గూడ మా బ్యాండే."

"నాకేం లేదు తమ్మీ. డప్పు కాగవెట్టాలె గద. లోపట మంట వెట్టనియ్యరు."

మాట న్యాయంగానే ఉంది. వేడి తగిలితేనే డప్పు తోలు బిగుస్తుంది, లేకపోతే పరుపును కొట్టినట్టు ఉంటుంది. నేను కారణాలను నమ్మే మనిషిని. పెళ్ళికూతురి గదికి పోయి, మేకప్ చేసే అక్కను బతిమాలి, జుట్టు ఆరబెట్టే మిషన్ తెచ్చాను.

బావ దాన్నీ నన్నూ మార్చి మార్చి చూశాడు. "జడ గూడ ఏస్తవా దీనికి?"

"ముందుగాల్ల ఆరనియ్యి బావా."

కాసేపు వేడిగాలి పట్టించాక వేలితో ఒక దెబ్బ వేశాడు. "మోగుతాంది" అన్నాడు, ఎవరో బలవంతంగా చెప్పించినట్టు.

నేను మేనేజరు దగ్గరికి పోయాను. మంట లేదు, పొగ లేదు అని చూపించాను. ఆయన మిషన్‌ను చూశాడు, డప్పును చూశాడు, చివరికి నేలను చూశాడు.

"అయినా గానీ స్టేజీ మీద బాగుండదు తమ్మీ. పెద్దమనుషులు వస్తరు."

అలా మంట ఆరిపోయింది గానీ అడ్డు మాత్రం అలాగే ఉంది. బావదీ నాదీ ఒకే వాడ, గోడకు గోడ. కానీ నా కీబోర్డు జపాన్ నుంచి వచ్చింది, అక్కడ దాని వాడ ఏదో ఇక్కడ ఎవరికీ తెలియదు. అందుకని అది స్టేజీ ఎక్కవచ్చు. డప్పు ఈ ఊళ్ళదే కావడం దాని తప్పు.

బావ కోప్పడలేదు. డప్పును సంచిలో పెట్టడం మొదలుపెట్టాడు. కోప్పడితే జోకు వేసి ఆపేవాణ్ణి. సంచికి నా దగ్గర జోకు లేదు. స్టేజీ ఎక్కి కీబోర్డు వైరు పీకేశాను.

"అన్నా, ఏడికి?" అంది మా పాటల పిల్ల.

"గేటు కాడికి."

"నేను మేకప్ ఏసుకున్న."

"గేటు కాడ గూడ కనవడ్తది."

వాళ్ళన్న అప్పటికే గిటారు భుజాన వేసుకున్నాడు. బావ మాత్రం కదల్లేదు. "గేటు కాడ కొట్ట అని చెప్పిన గద."

"నువ్వొక్కనివి కాదు బావా. అందరం గాడనే ఉంటం. స్టేజీ ఖాళీగ ఉంటది."

కొంచెం ఆలోచించాడు. "నడుమ నేనుంట."

"ఉండు."

గేటు దగ్గర కరెంటు లేదు. హాలు వాచ్‌మన్ మమ్మల్ని కాసేపు చూసి, తన గదిలో తిరుగుతున్న ఫ్యాను ప్లగ్గు పీకి, ఆ జాగా మాకిచ్చాడు. సినిమాల్లో ఉండాల్సిన మనిషి. బావ ఆ మిషన్‌ను నా చేతిలో పెట్టి, గుప్పెడు వరిగడ్డి అంటించాడు. బయట మంట వద్దనేవాళ్ళు లేరు. డప్పును తిప్పి తిప్పి కాచి, మా మధ్యలో నిలబడి మొదటి దెబ్బ వేశాడు. హాలు అద్దాలు అదిరాయి.

ముందు పిల్లలు వచ్చారు. తర్వాత పెళ్ళికూతురి అవ్వ కుర్చీ ఈడ్చుకుంటూ వచ్చి, మా ఎదురుగా వేసుకుని కూర్చుంది. ఆ తర్వాత హాలు సగం బయటికి వచ్చింది. కళ గెలిచిందని స్టేటస్‌లో రాద్దామనుకున్నాను గానీ, ఏసీ సరిగా పనిచేయడం లేదని తర్వాత తెలిసింది. ఏమైతేనేం, లోపల పెళ్ళికొడుకు, పెళ్ళికూతురు, ఫొటోగ్రాఫరు మిగిలారు.

మేనేజరు చెమట తుడుచుకుంటూ వచ్చాడు. "లోపటికి రాండ్రి తమ్మీ. స్టేజీ మీదికే రాండ్రి."

"ఎవరెవరం?"

"అందరు."

"డప్పు?"

ఆయన గొంతు తగ్గించాడు. "డప్పు గూడ."

"వినవడ్తలేదన్నా."

"డప్పు గూడ రమ్మంటున్న" అని ఈసారి అందరికీ వినిపించేలా అన్నాడు.

నేను బావ వైపు చూశాను. ఆయన చేతులు ఆపలేదు. "ఈ పాట అయినంక వస్తం" అన్నాడు.

ఆ పాటను మేం చాలాసేపు అవనివ్వలేదు.