చీర కొంగు తగిలినా మండిన చెయ్యి

పిండికట్టు విప్పిన రోజు సాయంత్రం చీర కట్టుకుంటుంటే కొంగు కుడిచేతి మీద పడింది. నిప్పు పడ్డట్టు కేక పెట్టాను. జార్జెట్ చీర, బరువే ఉండదు. బట్ట తగిలితే మండడమేమిటి? అప్పుడే భయం పట్టుకుంది.

మేం కరీంనగర్ వైపు నుంచి సూరత్ వచ్చి అక్కడి పర్వత్ పాటియా పేటలో స్థిరపడ్డాం. మా ఆయన సాంచా, అంటే పవర్‌లూమ్, నడుపుతాడు. నేను మార్కెట్లో చీరల చెకింగ్ చేస్తాను. చీరను చేతి కింద జారనిస్తే ఎక్కడ పోగు తప్పిందో నా వేళ్లకు తెలిసిపోతుంది. మొదటి లాక్‌డౌన్‌లో నీళ్ల బకెట్టుతో మెట్ల మీద జారి మణికట్టు విరగ్గొట్టుకున్నాను. కరోనా భయానికి కట్టు విప్పించుకోవడానికీ ఆలస్యంగానే వెళ్లాను.

చెయ్యి ఉబ్బింది, ఎర్రబడింది, ఒక్కోసారి చల్లగా అయిపోయేది. ఎక్స్‌రే తీశారు. "ఎముక అతుక్కుంది, రిపోర్ట్ నార్మల్" అన్నాడు డాక్టరు, దూరంగా కూర్చునే. ఇంకో డాక్టరు "టెన్షన్ మత్ లో" అని నిద్రమాత్ర రాశాడు. నాకు కోపం నెత్తికెక్కింది. చెయ్యి కాలిపోతుంటే టెన్షనంటాడేమిటి!

మా అత్త పాత ధోతీ ముక్కతో చెయ్యి చుట్టి మెడకు వేలాడదీసింది. "జర కదలనియ్యకు బిడ్డా, ఆరామ్ జేస్తే గదే తగ్గుతది" అంది. చుట్టేటప్పుడు ప్రాణం పోయేది. తర్వాత ఏదీ తగలదు కదా, హాయిగా ఉండేది. అందుకే నేనూ నమ్మాను. నెలలు గడిచేసరికి వేళ్లు కొయ్యబారాయి.

మార్కెట్ తెరిచాక పనికి వెళ్తే సేఠ్ నా చెయ్యి చూసి, "ఘర్ బైఠో బెహన్, ఏక్ హాథ్ సే చెకింగ్ నహీ హోగీ" అన్నాడు, ఒంటిచేత్తో పని కాదు, ఇంట్లో కూర్చోమని. పక్కన కూర్చునే లక్ష్మి వదిన నవ్వింది. "బొక్క అతికిందట, ఇంకేం నొప్పి? గివన్నీ పని ఎగ్గొట్టే కామ్‌చోర్ ఏషాలు!"

"సూస్తుండు వదినె, మల్ల నీ పక్కన్నే కూసుంట" అన్నాను. ఏడుపు దారిలో వచ్చింది.

మా ఆయన తోటివాళ్లను అడిగి నొప్పులకే వైద్యం చేసే పెయిన్ క్లినిక్‌కు తీసుకెళ్లాడు. డాక్టరమ్మ విజయవాడ ఆవిడ. రెండు చేతులూ పక్కపక్కన పెట్టించి చూసింది. "నొప్పి నిజమేనమ్మా. దీన్ని సీఆర్‌పీఎస్ అంటారు. ఎముక మానింది కానీ నరాల్లో ఇన్‌ఫ్లమేషన్ చల్లారలేదు. అది ఎక్స్‌రేలో కనపడదు. ఊరికే తాకినా మెదడుకి దెబ్బ తగిలినట్టే కబురు పోతోంది."

"అంటే పోగు తెగితే ఆగాల్సిన సాంచా, తెగకున్నా ఆగిపోతున్నట్టా, మేడం?" అన్నాడు మా ఆయన.

"అలాంటిదే. అలాగని సాంచాను మూలన పడేస్తారా? చెయ్యీ అంతే, ఇక చుట్టిపెట్టకండి."

నొప్పి నిజమేనన్న ఆ ఒక్క మాటకి వెక్కివెక్కి ఏడ్చాను.

మాత్రలు, ఫిజియోథెరపీ, అద్దంలో కుడిచెయ్యే ఆడుతున్నట్టు కనపడేలా ఎడమచెయ్యి ఆడించడం. వీటితోపాటు డీసెన్సిటైజేషన్, అంటే తాకిడిని చేతికి అలవాటు చేయడం: రకరకాల బట్టలతో చేతిని రుద్దాలి, మెత్తటివి ముందు, గరుకువి తర్వాత. సూరత్‌లో బట్టలకు కరువా! శాటిన్, షిఫాన్, కాటన్, నెట్, చివరకు గోనెగుడ్డ. తిట్టుకుంటూ రుద్దాను. "పిల్లను సంపుతరా ఏంది!" అని కొడుకు మీద అరిచిన అత్తే, తర్వాత కూర్చుని ముక్కలు కత్తిరించి ఇచ్చింది.

నెట్ దాకా వచ్చాక సెకండ్ వేవ్‌లో నాకే కరోనా వచ్చింది. మంట మోచేతి దాకా పాకింది. "వెనక్కి పోయిందని వదిలేయకండి" అంది డాక్టరమ్మ ఫోన్లో. వదిలేస్తానా? మళ్లీ శాటిన్‌తో మొదలుపెట్టాను.

గోనెగుడ్డకూ ఓర్చుకున్నాక సేఠ్ మళ్లీ పనిలోకి తీసుకున్నాడు. ఇప్పుడు చెకింగ్ బల్ల దగ్గర లక్ష్మి వదిన పక్కనే కూర్చుంటున్నాను. మొన్న ఆమె చూసి బాగుందని పక్కన పెట్టిన చీరలో తప్పిన పోగు నా వేలికి తగిలింది. చీర తిరిగి ఆమె ముందు పెట్టాను.

"నీ చెయ్యి పూర తగ్గిందా ఏందే?" అంది.

"తగ్గలే వదినె. సలికాలం ఇంకా మండుతది. మండనీ, నా పని నేను జేస్త."

మీకు నేను చెప్పేది ఒక్కటే. దెబ్బ మానాక కూడా మంట తగ్గకపోతే, రిపోర్ట్ నార్మల్ అన్నారని నోరు మూసుకోకండి. పెయిన్ డాక్టరు దగ్గరికి త్వరగా వెళ్లండి. నాలాగా నెలలకు నెలలు చెయ్యి చుట్టిపెట్టుకుని కూర్చోకండి.