రాప్పా, రామ్మా

కొడుకనుకున్న మా బిడ్డ, తాను అమ్మాయినని పోయిన వారం మాకు చెప్పింది. క్లాసు టీచరుకు మూడు నెలలుగా తెలుసట! కన్నవాళ్ల దగ్గర దాస్తారా అని నిలదీయడానికి ఈ రోజు హోసూరులో బడికి వెళ్లాను.

"మీకు తానే చెప్పల్లని పాప అడిగిందమ్మా. ఆ ధైర్యం వచ్చేదాకా నేను తోడుగా ఉంటిని, అంతే" అన్నారు టీచరు.

నేను బయటికొచ్చాను. బేరిగై నుంచి నాతో వచ్చిన మా మామగారు వరండాలో బిడ్డను చూసి, అలవాటుగా "రాప్పా" అన్నారు. వెంటనే నాలుక కరుచుకుని, "రామ్మా, ఈడ కూచో" అంటూ పక్కన చోటిచ్చారు.

ఇద్దరికీ దండం పెట్టాలనిపించింది. తీరా ఇంటికొచ్చి నేనేమో "నాయనా, అన్నానికి రా" అని పిలిచాను. బిడ్డ నవ్వేసింది.

డెబ్బై దాటిన ఆయనకే నోరు తిరిగింది. నాకెప్పుడు తిరుగుతుందంటారు?