కోటమ్మక్క తట్ట నేనే బోర్లించాను

నాకు రాయడం సరిగా రాదు. నా చదువు మూడో తరగతితో ఆగిపోయింది. ఒత్తులు ఎక్కడ పడాలో ఇప్పటికీ తెలీదు, మీరే సర్దుకుని చదవాలి. భయం కొంచెం ఉందిలెండి, కానీ ఎక్కువగా ఆత్రం. పదేళ్ళుగా గుండె మీద మోస్తున్నది ఇవాళ దించేస్తున్నాను అనుకుంటేనే నిలవలేకుండా ఉన్నాను.

నయాపైసలు వచ్చిన కొత్తలో సూళ్లూరుపేట దగ్గర రైలింజన్ల బొగ్గు కుప్పల్లో కూలికి పోయేదాన్ని. ఆడవాళ్ళం తట్టలతో బొగ్గు మోసేవాళ్ళం. తూర్పున పులికాట్ ఒడ్డున మావాళ్ళు చేపలు ఎండేసుకునేవాళ్ళు. పడమటి గాలి లేస్తే బొగ్గు పొడి తిన్నగా ఆ చేపల మీద పడుతుంది. అందుకే గాలి లేవకముందే కుప్పను తడపాలి. పైపైన చిలకరిస్తే చాలదు, అడుగు నుంచి పైకి తడుపుకుంటూ రావాలి. అది నాకు నేర్పింది కోటమ్మక్క.

తడిపినామె, తడిపినట్టు గుర్తుగా, తన తట్టను కుప్ప నెత్తిన బోర్లించి రావాలి. మేస్త్రి దూరం నుంచి తట్ట చూసి మోత మొదలుపెట్టించేవాడు. ఎవరిదో తెలియడానికి ఒక్కో తట్టకు ఒక్కో రంగు గుడ్డపీలిక. కోటమ్మక్కది పసుపు.

ఆ రోజు మొదటి కుప్ప కోటమ్మక్క వంతు, రెండోది నాది. ఆమె తన కుప్ప తడిపేసి, మోత అయ్యాక తట్ట పక్కన పెట్టి గంజి తాగడానికి పోయింది. నేను బిందె ఎత్తబోతున్నాను. ఒడ్డున రొయ్య తేలిందని కేకలు. చేతిలో పని లేనివాళ్ళందరూ పరుగు. నాకు కాళ్ళు ఆగలేదు. రొయ్యలు పట్టుకోవడానికి నా తట్ట కావాలి కదా? అందుకని కోటమ్మక్క తట్టను నా పొడి కుప్ప మీద బోర్లించి పరిగెత్తాను. మరిచిపోయి కాదు. తెలిసే చేశాను.

మోకాలి లోతు నీళ్ళలో ఎక్కడ చెయ్యి పెడితే అక్కడ రొయ్యలు ఎగిరిపడుతున్నాయి. అందరం నవ్వుతున్నాం, ఒకరి మీద ఒకరు పడుతున్నాం. ఇది రాస్తుంటే కూడా అరచేతుల్లో ఆ గిలగిల తెలుస్తోంది. సిగ్గు కదా ముందు రావాలి? సంతోషమే ముందొస్తోంది. ఏం మనిషిని నేను?

తలెత్తి చూసేసరికి గాలి లేచింది. మోత మొదలైంది. నల్లటి పొడి మా వదిన ఎండేసిన చేపల మీదికి దిగుతోంది. ముసురు నెలలకని దాచుకునే చేపలు, ఒక్కటీ పనికిరాకుండా పోయాయి.

మేస్త్రి పసుపు పీలిక తట్టను అందరి ముందరా పడేసి ఎవరిదని అడిగాడు. కోటమ్మక్క తనదేనంది.

"తట్ట బోర్లించేదానికి చేతులొచ్చినాయి, నీళ్ళు పోసేదానికి రాలేదా?" అంది మా వదిన.

కోటమ్మక్క నా వైపు తిరిగింది. నా వంతు కూడా అప్పుడప్పుడూ ఆమే తడిపేది.

"మే, నేనేనా పెట్టింది? నాకు గ్యాపకం లేదే. నువ్వు చూసినావా?"

"నువ్వే పెట్టినావక్కా" అన్నాను.

ఆమె కాసేపు తన చేతుల వైపు చూసుకుంది. "అయితే నేనే మరిచినానులే" అంది.

మేస్త్రి ఆమెను పనిలోంచి తీసేశాడు. అది ఒక్కటే అయితే ఎక్కడైనా కూలి దొరికేది. కానీ అప్పటి నుంచి ఆమెకు తన మీద తనకు నమ్మకం పోయింది. కూరలో ఉప్పు వేశానా అని కూతుర్ని అడిగేది. గొళ్ళెం పెట్టానో లేదో చూసుకోవడానికి సగం దారి నుంచి ఇంటికి తిరిగిపోయేది. ఒకసారి సంతలో నా చేయి పట్టుకుని, "ఇందాక నిన్ను పలకరించినానా మే?" అంది. అప్పుడైనా చెప్పొచ్చు కదా? నోటిదాకా వచ్చింది. పలకరించావక్కా అని మాత్రం అన్నాను.

ఇప్పుడామె నెల్లూరులో కూతురి దగ్గర ఉంది. ఈ కాగితం అచ్చయితే ఆ పిల్ల చదివి వినిపిస్తుంది. కాకపోతే నేనే బస్సెక్కి పోతాను. విని ఏమంటుందో తెలీదు. మంచిమాట వస్తుందని ఆశ లేదు, అడగను కూడా. ఆమెకు ఒక్కటి తెలిస్తే చాలు. కోటమ్మక్కా, ఆ రోజు నువ్వు ఏదీ మరిచిపోలేదు. నీ గ్యాపకం సరిగ్గానే ఉంది.

రాసేశాను! ఊపిరి ఆడుతోంది. చదివినవాళ్ళు నా అక్షరాల్లో తప్పులు మాత్రం మన్నించండి.