చలికి ఉరికే కారు

మేస్త్రీ జియావుల్లా బానెట్‌కు చెవి ఆనిస్తే ఇంజన్ ఏడు తరాల ముచ్చట చెబుతుందని మెట్‌పల్లిలో సగం మంది నమ్ముతారు. మిగతా సగాన్ని ఆయన ఇంకా నమ్మిస్తున్నాడు. నిండు చాయ్ గ్లాసు ఇంజన్ మీద పెట్టి, తొణకడం చూసి రోగం చెబుతాడు; ఒలకగా మిగిలింది తాగుతాడు. ఆడవాళ్లకు డ్రైవింగ్ నేర్పే కోమల తన పాత కారు తెచ్చింది. యాక్సిలరేటర్ తొక్కకున్నా అది ఉరుకుతుంటే, నేర్చుకునేవాళ్లు భయపడి మానేస్తున్నారు.

"ఎండలకు కాగుతదని ఎవరో ఇంజన్ల వేడి నిలిపే థర్మోస్టాట్ తీసేసిండ్రు బిడ్డా. ఇంజన్ వేడెక్కుతలేదు, చలికి పెట్రోలు ఎక్కువ తాగి ఉరుకుతాంది," అంటూ జియావుల్లా కొత్తది బిగించి ఇంజన్ స్టార్ట్ చేయించాడు. వేడి చూపే ముల్లు లేవగానే కోమల తాళంచెవి పట్టుకుంది.

"చాచా, కాగుతాంది. బంద్ చేస్తున్న."

"జర ఆగు. సగం దాక ఎక్కనీ, గదే సరైన వేడి."

ముల్లు సగంలో నిలిచింది. ఇంజన్ రొద మెల్లగా తగ్గి, కారు కుదురుగా నిలబడింది. కోమల ఫోన్ తీసి, భయపడి మానేసిన ఓ అమ్మాయికి కలిపింది.

"అలేఖ్యా, రేపు పొద్దుగాల రా. ఇగ బండి నువ్వు చెప్తెనే కదుల్తది."