ఎడమ బోను ఎలుకలు

నా చిన్నప్పుడు మా కోరుట్ల బజారులో ఒళ్లు చేసినవాణ్ణి చూస్తే ఆరోగ్యంగా ఉన్నాడనేవారు, సన్నగా ఉన్నవాణ్ణి చూస్తే ఏం రోగమని అడిగేవారు. మా కిరాణా కొట్టుకు మా బాపు బొజ్జే బోర్డు. నేను మాత్రం ఎంత తిన్నా అగరొత్తి పుల్లలాగే ఉండేదాన్ని. గిరాకీ ఎక్కువగా ఉండే వేళకు నన్ను లోపలికి పొమ్మనేవాడు, కొట్టు పరువు పోతుందని.

పక్కింటి అక్క వరంగల్‌లో పెద్ద చదువు చదివేది. అవి నక్సలైట్ల రోజులు. ఆమె అన్న అడవిలోకి పోయి రెండేళ్లయింది. హాస్టళ్లలో సోదాలు, కాలేజీకి నెలల తరబడి తాళం. ప్రయోగం ఇంటి దగ్గరే చేసుకొమ్మని ఆమె సార్ చెప్పాడట. పన్నెండు తెల్ల ఎలుకలను రెండు జాలీ బోనుల్లో పెట్టుకుని, బస్సులో అందరి తిట్లూ తింటూ తెచ్చుకుంది. ఎడమ బోనులో ఆరింటికి జొన్నపిండి, పప్పుపిండి. కుడి బోనులో ఆరింటికి అదే పిండిలో వనస్పతి కలిపి. కొవ్వు ఎక్కువ తింటే ఒంట్లో ఏం జరుగుతుందో, మూత్రంలో చక్కెర పడుతుందో లేదో చూడాలి. ఆఖరున కోసి కార్జం, అదే కాలేయం, ఎలా ఉందో చూడాలి. పొద్దున్నే మా కొట్టులో యాలకులు తూచే చిన్న త్రాసు అడిగి తీసుకుపోయి, ఒక్కో ఎలుకనూ తూచి నోటుబుక్కులో రాసుకునేది.

ఇది ఆమెకు ఆట కాదు. పని గట్టెక్కితే హైదరాబాదులో ఉద్యోగం చూపిస్తానని సార్ మాటిచ్చాడు. అమ్మానాన్నలను తీసుకుని ఊరు విడిచిపోవాలి, అంతే ఆమె ఆశ. వారానికోసారి వాళ్ల నాన్నను ఠాణాకు పిలిచి కూర్చోబెట్టేవారు. ఊరికే కూర్చోబెట్టి పంపిన రోజున ఆయన నవ్వుతూ వచ్చేవాడు. అలాంటి రోజులు తక్కువ.

ఒక పొద్దున పోలీసు జీపు వచ్చింది. ఇల్లంతా తిరగేసి, చివరికి ఒక జవాను ఆ నోటుబుక్కు పట్టుకున్నాడు.

“గీ ‘కుడి నాలుగు’ ఎవడు?”

“ఎలుక సార్.”

“మరి ‘ఎడమ రెండు’?”

“అది గూడ ఎలుకే సార్.”

“గిట్ల పేర్లు లేకుంట నంబర్లేసి రాసుడు మీ అన్న నేర్పిండా?”

వాకిట్లో మూగిన జనంలో ఒకరిద్దరు కిసుక్కుమన్నారు. నేనూ నవ్వాను. బుక్కును నేలకు కొట్టి, అక్కను, వాళ్ల నాన్నను జీపెక్కించారు. వాళ్లమ్మ జగిత్యాల ఠాణా ముందు కూర్చోవడానికి వెనకాలే బస్సెక్కింది. జీపులోంచి అక్క నన్ను పిలిచి చెప్పింది ఒక్కటే మాట. “పిండి డబ్బాల మీద రాసి ఉన్నది పిల్లా. దినాం అటొక గిన్నె, ఇటొక గిన్నె. వేరే ఏం పెట్టకు.”

రెండు రోజులు సరిగ్గానే పెట్టాను. కానీ నేను కొట్టులో పుట్టి పెరిగినదాన్ని. మా కొట్టులో ఎవరేం కొన్నా, సరుకు కట్టించుకున్నాక చెయ్యి చాపుతారు. ఆ చేతిలో పిడికెడు పుట్నాలో బెల్లం ముక్కో పడాలి. దాన్ని కొసరంటారు. కొసరు వేయని కొట్టుకు మళ్లీ ఎవరూ రారని మా బాపు నాకు నడక రాకముందే నేర్పి ఉంటాడు. కుడి బోను ఎలుకలు నిగనిగలాడుతూ పడుకునేవి. ఎడమ బోనువి గిన్నె ఖాళీ చేసి, జాలీలోంచి గులాబీ రంగు చేతులు బయటికి చాపేవి. ముమ్మాటికీ కొసరుకే. పైగా సన్నగా ఉన్నాయి, నాలాగా. మూడో రోజు బాపు కన్నుగప్పి వనస్పతి తెచ్చి వాటి పిండిలో కలిపాను. అవీ తేరుకున్నాయి. అక్క వచ్చి పన్నెండింటినీ బొద్దుగా చూసి మురిసిపోతుందనుకున్నాను. ఆ మురిపెం పుచ్చుకోవడానికి ఎలా నిలబడాలో కూడా ఆలోచించుకున్నాను.

పధ్నాలుగో రోజున వచ్చారు. నడక మారిపోయింది అక్కకూ, వాళ్ల నాన్నకూ. అక్క ముఖం కూడా కడుక్కోలేదు. గోడ పట్టుకుంటూ వచ్చి, త్రాసు తెమ్మని ఎడమ బోనులోంచి ఒకదాన్ని తూచింది. మరొకదాన్ని తూచింది. మూడోదాన్ని తూచకుండానే నన్ను చూసింది.

“ఏం పెట్టినవ్?”

మా బజారులో మొదటి మాటకే అసలు ధర చెప్పేవాడు పిచ్చివాడు. పైగా వనస్పతి సంగతి బాపుకు తెలిస్తే వీపు పగులుతుంది.

“ఏం పెట్టలే అక్కా. జొన్నపిండే మంచిగ తిన్నయ్.”

ఆమె చేతిలోని ఎలుకను బోనులో వదిలింది.

“ఒక్కనాడు... చిటికెడు వనస్పతి.”

బోను తలుపు మూసి మళ్లీ నన్నే చూసింది.

“మూడు దినాలు. అర చెంచా.”

ఆ చూపు అలాగే ఉంది. ఇక దిగేందుకు మెట్టు లేక అసలు సంగతి చెప్పేశాను. రోజుకు రెండు చెంచాలు, పదకొండు రోజులు.

“గిదేనా ఆఖరు మాట?” అంది.

“ఆఖరుదే.”

“ఇంకింత గట్టిగ అడిగితే ఇంకెంతకు వస్తవో.”

తిట్టలేదు. రెండు బోనుల్లోంచీ ఒక్కొక్కటి తీసి, మత్తుమందు వాసన చూపించి, నా ముందే కోసింది. కుడిదాని కార్జం పాలిపోయి, వేలికి జిడ్డు అంటుకునేలా ఉంది. ఎడమదానిది ఎర్రగా ఉండాలట. దానికీ మసక పట్టడం మొదలైంది. పైన నిగనిగలాడిన బొచ్చును నిమురుతూ, పెట్టినందుకు కోపం లేదంది. మొదటే సరిగ్గా చెప్పి ఉంటే, ఇన్ని రోజుల తర్వాత ఇంత కొవ్వు పెట్టినవి అని వేరుగా రాసుకునేదట. అదీ ఒక ప్రయోగమే అయ్యేదట.

“ఇప్పుడు నీ నాలుగు మాటలల్ల ఏది రాయాలె చెల్లే?”

బేరగత్తెను కదా, అప్పుడూ ఊరుకోలేదు. “రెండు చెంచాలని రాయక్కా, మీ సార్‌కేం ఎరుక” అన్నాను.

“సార్‌కు ఎరుక లేదు, సరే. నాక్కూడ లేదు గద” అంది. వాచిన వేళ్లతో, నేను చూస్తుండగానే, ‘ఎడమ బోను, మేత తెలియదు’ అని రాసి బుక్కు మూసింది.

మళ్లీ మొదలుపెట్టమని సార్ జాబు రాశాడు. కానీ ఊరు దాటాలంటే ఠాణాలో అడిగి దాటాలి, అడిగితే పంపరు. కొత్త ఎలుకలు రాలేదు. వానలు పడ్డాక వాళ్ల నాన్నను మళ్లీ తీసుకుపోయారు. ఈసారి మంచం మీద తెచ్చారు. ఆయన మళ్లీ లేచి నడవలేదు. ఆ పాటికి వాళ్లు హైదరాబాదులో ఉండవలసినవాళ్లు. ఒక పొద్దున చూస్తే ఇంటికి తాళం. ఎటు పోయారని ఎవరూ అడగలేదు, అడిగినవాళ్ల ఇంటికే జీపు వస్తుందని. సిరిసిల్లలో మగ్గాల దగ్గర చూశామన్నారు ఎవరో. పెళ్లయ్యాక చీరల బేరానికి పోయినప్పుడల్లా ఆ సందులన్నీ తిరిగాను. కనబడలేదు.

ఇప్పుడు నాకు అరవై దాటాయి. అగరొత్తి పుల్ల ఎప్పుడో బస్తా అయింది, షుగర్ వచ్చింది. ఏం తింటున్నారని డాక్టరు అడుగుతాడు. రెండు పుల్కాలని నాలుక చివరిదాకా వస్తుంది. ఆపుకుని, తిన్నదంతా మొదటి మాటకే చెప్పేస్తాను, దొంగతనంగా తిన్న గారెలతో సహా. ఆయన ఇంకో ప్రశ్న వేయకుండా, నమ్మి రాసుకుంటాడు. ఆ కలం కదిలినంతసేపూ నేను తలెత్తలేను.