రెండు పెట్టెలు, ఒక రైఫిల్

జింక కాలు విరగడానికి కారణం నా చేతి పనేనని మా వేట క్లబ్బు పుస్తకంలో రాశారు. అది అబద్ధం. రెండేళ్లయినా ఆ వాక్యాన్ని ఎవరూ కొట్టేయలేదు.

ఐర్లండులో, అత్లోన్ అనే ఊళ్లో మందుల ఫ్యాక్టరీలో ఫిట్టరుగా చేసి రిటైరయ్యాను. పదో తరగతి దాటలేదు. తూటా దారి గురించి నాకు తెలిసిందంతా లైబ్రరీ పుస్తకాల్లోనూ, బురదలో బోర్లా పడుకునీ నేర్చుకున్నదే. తూటా తిన్నగా పోతుందనుకుంటారు జనం. పోదు. రైఫిల్ గొట్టం, గురి చూసే స్కోపు కంటే కింద ఉంటుంది కాబట్టి తూటా కింద నుంచి వచ్చి చూపు గీతను అందుకుంటుంది, ఆపైన నేలవైపు ఒరుగుతూ పోతుంది. ఎంత ఒరుగుతుందన్నది దాని బరువూ వేగమూ తేలుస్తాయి. అందుకే ఏ తూటాతో గురి సరిచేశామో వేటలోనూ అదే వాడాలి.

క్లబ్బులో పదకొండేళ్లు అందరి రైఫిళ్లకూ గురి సరిచేసింది నేనే. గాల్వేలో పనిచేసే మన గుంటూరు డాక్టరు కొత్తగా చేరితే ఆయనదీ చేశాను. వంద మీటర్ల దగ్గర మూడు గుండ్లు కొట్టి, స్కోపు మర తిప్పి, మళ్లీ మూడు. చివరి మూడూ అగ్గిపెట్టె కింద దాగేంత దగ్గరగా పడ్డాయి. తూటా రకం కాగితం మీద రాసి రైఫిల్ చెక్కకు టేపుతో అంటించాను.

“ఇదంతా ఇంటర్ ఫిజిక్సే కదా అంకుల్,” అని నవ్వాడు.

వేట రోజు వాన. రెండు వందల మీటర్లలో జింక పక్కకు తిరిగి నిలబడింది. డాక్టరు కాల్చాడు. అది కూలలేదు. ముందుకాలు వేలాడేసుకుని చెట్లలోకి పోయింది. రెండు రోజులు వెతికాం. నెత్తుటి జాడ వానకు కొట్టుకుపోయింది. ఎక్కడ పడి ఎన్నాళ్లు మూలిగిందో ఆ జీవం.

అంకుల్ పెద్దవారయ్యారు, చూపు ఆనడం లేదేమో అని ఆయన కమిటీకి చెప్పాడట. డాక్టరు మాట కదా, నమ్మారు. నన్నొక్క ముక్క అడగలేదు. ఇక గురి బల్ల దగ్గరికి రావద్దన్నారు, పైగా అంతా గ్రాండే, అంటే ఏం ఫర్వాలేదని, మనసులో పెట్టుకోవద్దన్నాడు సెక్రటరీ.

వేట రోజు డాక్టరు కారు సీటు మీద నేను చూసిన తూటాల పెట్టె వేరు. అందులోవి బరువైన తూటాలు, కిందికి పడేవి. రెండు పెట్టెలూ తెచ్చి ఒకే కాగితం మీద కొట్టి చూడండి, నా తప్పయితే నేనే సంతకం పెడతానని కమిటీతో అన్నాను. ఎవరూ కదల్లేదు. డాక్టరుకు నాలుగు ఉత్తరాలు రాశాను. నాలుగోదానికి జవాబొచ్చింది:

“నమస్తే అంకుల్. మీరన్నది కరెక్టే. షాపులో పాతరకం లేదని వేరే పెట్టె కొన్నాను, దానికి మళ్లీ గురి జీరో చేయించుకోలేదు. కమిటీకి మాత్రం చెప్పలేను. క్లబ్బులో ఇద్దరు మా హాస్పిటల్ వాళ్లే. మీరు రిటైరయ్యారు, మీకు పోయేదేముంది? దయచేసి ఇక రాయకండి.”